తుక్కాపంచకము - తుమ్మెదపై మోపిన నేరము

మన చాటుసాహిత్యమున తుక్కాపంచకమను పేర ఐదు సంస్కృతశ్లోకములు చిరకాలముగా ప్రచారములో నున్నవి. కటకాధీశ్వరుడగు ప్రతాపరుద్ర గజపతి కూతురును, శ్రీకృష్ణదేవరాయల పత్నియునగు తుక్కాదేవి, భర్త ఆదరమునకు దూరమై కంబమున ఒంటరిగా కాలము గడపుచు ఈ శ్లోకములు చెప్పినదని ప్రతీతి. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైన శ్లోకము భావమిది: ఒక తుమ్మెద వనమంతయు తిరిగినది, క్రొత్త పూగుత్తులన్నిటిపై వ్రాలినది, సంపెంగను మాత్రము మూచూడలేదు. ఆ పూవు అందము లేనిదా? ఆ తుమ్మెద రసమెరుగనిదా? రెండును కావు; దైవసంకల్పమే బలవత్తరము.

శ్లోకము సుందరముగనే యున్నది. సంపెంగను తుమ్మెద ముట్టదనుట కవిసమయము గనుక ఉపమానము కూడ తగియున్నది. ఒక్క పేరైనను చెప్పక, ఒక్క నిష్ఠురమైనను ఆడక, తన గౌరవమును భర్త గౌరవమును గూడ కాపాడుకొనిన రాచబిడ్డ హృదయము ఇందు కనబడుచున్నదని పెద్దలు మెచ్చుకొనిరి. తుమ్మెద మీది అన్యోక్తులు సంస్కృత సుభాషితసంపుటములలో కొల్లలుగా నున్నవి గనుక, పేరులేని శ్లోకమునకు కర్తృత్వము నిర్ణయించుట దుస్సాధ్యమని మరికొందరు సందేహించిరి. ఈ రెండవ పక్షమే నాకు సమంజసముగా తోచుచున్నది. అయినను నేను చర్చింపదలచినది కర్తృత్వము కాదు. మెచ్చినవారును సందేహించినవారును ఒక విషయమున ఏకాభిప్రాయులైరి. ఆమె దుఃఖమునకు కారణము రాయలు ఆమెను ప్రేమింపకుండుటయేనని ఇరువురును తలచిరి. తుమ్మెద పూవును ఏల ముట్టలేదని నాలుగువందల యేండ్లకు పైగా అడుగుచున్నాము. ఆ పూవును కోసి పంపినదెవరు, దేనికి బదులుగా పంపిరి అని అడిగిన విమర్శకుడు అరుదు.

చరిత్రము కొంత చూతము. రాయల కళింగయుద్ధము 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలయ్యెను. 1514లో ఆ దుర్గము పట్టువడెను. 1515లో కొండవీడు కూలెను. గజపతి కుమారుడగు వీరభద్రుడు అక్కడ చెరపడెను. పిదప కొండపల్లి. ఆ వెనుక రాయలు సింహాచలము వరకు సాగి 1516లో స్వామికి కానుకలు సమర్పించి శాసనము వేయించెను. యుద్ధము 1518-19 ప్రాంతమున సంధితో ముగిసినది. కృష్ణకు ఉత్తరముననున్న దేశము గజపతికి తిరిగి దక్కినది. దక్షిణభాగము విజయనగరమునకు నిలిచినది. గజపతి కూతురు రాయల అంతఃపురము చేరినది. మన పాఠ్యపుస్తకములు దీనిని రాయల ఔదార్యమునకు నిదర్శనముగా వర్ణించుట వాడుక. గెలిచిన దేశమును తిరిగి యిచ్చెను, పైగా అల్లుడయ్యెను! ఈ వాక్యమున "ఇచ్చుట" అను క్రియకు కర్మలు రెండున్నవని, అందొకటి దేశము, రెండవది పిల్ల యని, చదువుచున్న బాలికలకైనను తోచకుండునట్లు మనము వ్రాయనేర్చితిమి.

సంధి జరిగిన వైనమును వివరముగా చెప్పినవాడు ఫెర్నావో నూనిజ్ అను పోర్చుగీసువాడు. అతడు అచ్యుతదేవరాయల కాలమున, రమారమి 1535-37 నడుమ, విజయనగర వృత్తాంతము వ్రాసెను. అతని కథనమును బట్టి కొండపల్లిలో గజపతి భార్యయొకతె, కుమారుడు, ఏడుగురు సేనానులు చెరపడిరి. కత్తిసాములో ఆరితేరిన ఆ కుమారుని రాయలు తన యెదుట సాము చూపుమని కోరెను. ఎదుట నిలిచినవాడు రాజవంశీయుడు కాడని తెలిసికొని, హీనునితో తలపడుటకంటె చావే మేలని ఆ యువకుడు ప్రాణము విడిచెను. కొడుకు పోయిన పిమ్మట తండ్రి తిమ్మరుసునకు జాబు వ్రాసెను: నా భార్యను విడిపించుకొనుటకు ఉపాయమేమి? కూతురును రాయలకిచ్చి పెండ్లి చేయుము, భార్యయు దేశమును తిరిగి దక్కునని తిమ్మరుసు బదులు వ్రాసెను. గజపతి అట్లే చేసెను.

నూనిజ్ మాట యెంతవరకు నమ్మదగినది? అతడు కంటితో చూచినవాడు కాడు. ఇరువదియేండ్ల వెనుకటి కథను విని వ్రాసినవాడు. రాజకుమారుని మరణము విషయమున అతని మాటను తూచి చూడవలసియున్నది. ఏలన, 1516 నాటి యొక శాసనమున వీరభద్రుడు రాయల క్రింద మలెబెన్నూరు సీమను ఏలుచున్నట్లు, అచ్చట పెండ్లిండ్లపై నున్న సుంకమును తీసివేసినట్లు కలదు. (చెల్లెలి పెండ్లి సంధిపత్రములోని యొక పద్దు కాబోవుచుండగా అన్న పేదల పెండ్లిసుంకము తొలగించుచుండెను!) కనుక చావు కథలోని కొన్ని రంగులు నగరవీథులలో అద్దినవి కావచ్చును. అయినను ప్రధానాంశమున నూనిజ్ ఒంటరివాడు కాడు. శత్రువు కూతురును సంధిలో భాగముగా తెచ్చుకొనెనని మన రాయవాచకమును చెప్పుచున్నది, కుమారధూర్జటి కృష్ణరాయవిజయమును చెప్పుచున్నది. భేదము చెప్పిన తీరులో నున్నది.

రాయవాచకమునే చూడుడు. గజపతికి పదునార్గురు పాత్రులు అండగా నున్నారు. వారిని జయించుట దుర్ఘటమని తిమ్మరుసు ఒక యుక్తి పన్నును. వారు రాయలతో కుమ్మక్కైనట్లు దొంగజాబులు సృష్టించి, ధనపు పెట్టెలతో పంపి, అవి గజపతి చేతికి చిక్కునట్లు చేయును. గజపతి బెదరి పారిపోవును. పిమ్మట రాయలు రాజ్యమును తిరిగి అతనికే ఇచ్చును. అతడు సంతసించి కూతురు జగన్మోహినిని ఇచ్చును. యుక్తిని వర్ణించుటకు రచయిత పడిన శ్రమ ముచ్చట గొల్పును. ఆ వాడుక తెలుగు, ఆ సంభాషణలు, ఆ పెట్టెలు, ఆ జాబులు! మన వచనసాహిత్యమున అట్టి పట్టులు మెండుగా లేవు. కాని జగన్మోహిని నోట మాట లేదు. దొంగజాబులకు దక్కిన పుటలలో పదవవంతైనను పెండ్లికూతురునకు దక్కలేదు. నూనిజ్ పరదేశి, కావ్యమర్యాద యెరుగనివాడు, గుఱ్ఱముల బేరమెరిగినవాడు. అందుచేతనే కాబోలు, ఈ వివాహమును అతడు బేరముగా చూడగలిగెను. మనవారు దానిని కళ్యాణముగా మాత్రమే చూచిరి.

ఇప్పుడు పంచకమునకు మరల వత్తము. చెరలోనున్న రాణికి బదులుగా కూతురు పంపబడినదన్న మాటను మనసునందుంచుకొని ఆ శ్లోకమును మరల చదువుడు. అందలి నిర్ణయము నాకు మింగుడు పడుట లేదు. తప్పు పూవుది కాదట, తుమ్మెదది కాదట, దైవేచ్ఛయట! ఉదయగిరి ముట్టడి దైవేచ్ఛయా? కొండపల్లి చెర దైవేచ్ఛయా? ఒక మంత్రి వ్రాసిన ప్రత్యుత్తరము దైవేచ్ఛయా? శ్లోకము తుక్కాదేవిదే యైనచో, ఆమెకు అనుమతింపబడిన భాషయందు అంతకు మించి చెప్పుట సాధ్యము కాలేదనుకొనవలెను. అన్యోక్తి మర్యాదగల పరదా. దాని వెనుకనుండి అలుకను తెలుపవచ్చును గాని లెక్క అడుగరాదు. ఎవరో పండితుడు ఆమె పేర కట్టినదైనచో, మరి గట్టిగా చెప్పవలెను: ఆ పండితుడు రాజకీయమైన అన్యాయమును తీసికొని శృంగారములోని చిన్న అపశ్రుతిగా మార్చివైచెను. రాయలు ఆమెను మిక్కిలి ప్రేమించియున్నచో ఇక చెప్పవలసినదేమియు లేదన్నట్లే కదా ఆ పంచకమును మనము చదువుచున్నాము!

ఇచ్చట నంది తిమ్మన ప్రస్తావన రాక తప్పదు. తిరుమలదేవి పుట్టింటినుండి అరణముగా వచ్చిన కవి యతడని వాడుక. ఒకనాడు ఆమె రాయల చిత్రపటము వైపు కాళ్లు చాచి నిదురించెనని, రాయలు అలిగెనని, ఆ అలుక తీర్చుటకే తిమ్మన సత్యభామ పాదతాడనమును శ్రీకృష్ణుడు సహించిన కథను పారిజాతాపహరణముగా రచించెనని చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను లోకము దానిని నమ్మినదన్న మాట నిజము. ఒక రాణికి అరణముతోపాటు కవి వచ్చెను. ఆమె సంసారములో రేగిన చిన్న పొరపొచ్చెము తెలుగునకొక ప్రబంధమును ప్రసాదించినది. మరియొక రాణి అరణముతో రాలేదు. తానే యొక పరిహారముగా వచ్చినది. ఆమెకు కవి లేడు. లోకమామెనే కవయిత్రిని చేసి ఐదు శ్లోకములు చేతబెట్టినది, అదియు తెలుగున గాదు. ఉదయగిరినుండి రాయలు తెచ్చిన బాలకృష్ణమూర్తికి హంపిలో గుడియున్నది, శాసనమున్నది.

ఇంతకంటెను నన్ను కలచునది ఆముక్తమాల్యద. కళింగయాత్ర నడుమ శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున కనబడి ఆ కావ్యము రచింపుమని ఆజ్ఞాపించెనని రాయలే అవతారికలో చెప్పుకొనెను. కథ యేమి? గోదాదేవి తన మనస్సున వరించినవానిని తప్ప మరియొకని పెండ్లాడనని పట్టుపట్టినది. తండ్రి విష్ణుచిత్తుడు కూతురు ఇచ్ఛను మన్నించి శ్రీరంగమునకు తీసికొనిపోయెను. ఒక కన్య ఇష్టమును ఇంత గౌరవముతో, ఇంత ప్రౌఢముగా వర్ణించిన ప్రబంధము మనకు మరియొకటి లేదందునేమో. ఆ స్వప్నమును గన్న యాత్రయే మరియొక తండ్రి తన కూతురు ఇష్టమును అడుగకుండ పంపుటకు కారణమైనది. రాయలను దూషించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆ కాలపు రాజులలో ఎవరిని పట్టినను కథ ఇదే. కాని కావ్యమున గోదను కన్నులార చూచిన కవి, సంధిపత్రమున గజపతి కూతురును చూడలేకపోవుట విమర్శకుడు గమనింపదగిన విషయము. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమును శ్లాఘించు వ్యాసములు లెక్కలేనన్ని వచ్చినవి. గోదాకల్యాణమును ఆ సంధికళ్యాణము ప్రక్కనబెట్టి చదివిన వ్యాసములు చదువరులు చూచియుందురా?

ఇట్టి స్త్రీ తన నోట తాను మాటలాడినచో ఎట్లుండునో తెలిసికొనుటకు ఐరోపా చరిత్రమున ఒక నిదర్శనము కలదు. జర్మనీలో పాలటినేటు అను సంస్థానము ఫ్రాన్సు సరిహద్దున నుండెడిది. దాని అధిపతి కార్ల్ లూడ్విగ్ తన కూతురు ఎలిసబెత్ షార్లోటెను 1671లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తమ్మునకిచ్చెను. ఆమెకప్పుడు 19 ఏండ్లు. మతము మార్చుకొనవలసి వచ్చినది. భర్తకు ఆమెపై అనురాగము లేదు. బలవంతుడగు పొరుగువాడు బంధువైనచో దేశము సురక్షితమగునని తండ్రి ఆశ. జరిగినది వేరు. 1685లో ఆమె సోదరుడు సంతానము లేక మరణింపగా, ఆమె హక్కు పేరు చెప్పియే లూయీ పాలటినేటుపై దావా వేసెను. 1688లో యుద్ధము మొదలయ్యెను. 1689లో మాన్‌హైము నేలమట్టమైనది. ఆమె పుట్టిన హైడెల్బర్గు ఆ యేడును, మరల 1693లోను తగులబడెను. దేశమును కాపాడుటకు చేసిన పెండ్లియే దేశమును కాల్చుటకు పత్రమైనది.

ఆమె జాబులు వ్రాసెడిది. జీవితకాలమున వ్రాసిన వేలకొలది లేఖలలో సుమారు 5,000 నేటికి నిలిచియున్నవని లెక్క. తపాలాలో తన జాబులు విప్పి చదువబడుచున్నవని ఎరిగియు వ్రాసినది. తన పేరు మీదనే తన ఊరు కాలుచున్నదన్న బాధ నిదురను చెడగొట్టుచున్నదని ఆ లేఖలలో చెప్పుకొన్నది. భర్త అనాదరమును ఆమె పరిహాసముతో సహించినది. సహింపజాలక పోయినది తన వివాహమును రాజ్యము వాడుకొన్న తీరును. మన పంచకమున లోపించినదిదే. తుక్కాదేవికి జాబులు వ్రాయు అవకాశము, వానిని దాచుకొను మేనత్త యుండినచో మనకు తుమ్మెదకు బదులు కొండపల్లి కనబడియుండెడిది.

మన దేశముననే మాటలాడిన రాచపడుచులు లేకపోలేదు. నేనీ వ్యాసము వ్రాయుచున్న రామగిరి ప్రాంతము కాకతీయుల సీమ. మా కొండకోటకు సమీపముననున్న మంథెనయే శాసనములలోని మంత్రకూటమని చరిత్రకారులందురు. దాని ప్రభువగు గుండని రెండవ ప్రోలరాజు నిర్జించెను. ఆ ప్రోలుని మనుమడగు గణపతిదేవుడు కత్తితో గెలిచినంత పెండ్లిండ్లతోను గెలిచెను. ఒక కూతురగు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునకును, మరియొక కూతురగు గణపాంబను ధరణికోట ప్రభువగు కోట బేతనికిని ఇచ్చెను. ఇవియు రాజకీయ వివాహములే. కాని భర్త గతించిన పిమ్మట గణపాంబ తానే రాజ్యము నేలినది. భర్త పేర బేతేశ్వరమును, తండ్రి పేర గణపేశ్వరమును నెలకొల్పినది. యనమదల శాసనమున ఆ సంగతి చెక్కించినది. రుద్రమ సంగతి చెప్పనక్కరలేదు. అధికారము చేతనున్న స్త్రీ పెండ్లి యెట్లు జరిగినదని ఎవరును జాలిపడరు. తుక్కాదేవి మీద కురిసిన జాలియంతయు ఆమె అధికారహీనతకు కొలత.

ఇది పాతకాలపు రాజుల ముచ్చట మాత్రమే యని చదువరులు త్రోసివేయవలదు. మా బొగ్గుగనుల సీమయందు కొలువు వారసత్వముగా సంక్రమించు పద్ధతి యొకటి యున్నది. కార్మికుడు గనిలో మరణించినను, జబ్బుచే పనికి అనర్హుడైనను అతనిపై ఆధారపడినవారిలో నొకరికి ఉద్యోగమిత్తురు. భార్య, కొడుకు, పెండ్లికాని కూతురు ముందువరుసవారు. అట్టివారు లేనిచో ఇంటనే యుండి మామపై ఆధారపడిన అల్లుని కూడ పరిశీలింపవచ్చునని వేతన ఒప్పందములందు నిబంధన కలదు. నిబంధన దయతో చేసినదే. కాని కూతుళ్లు మాత్రమే కల ఇంట పెండ్లిమాటలు ఎట్లు నడచునో ఈ ప్రాంతపు గృహిణులకు తెలియును. తండ్రి ఊపిరితిత్తుల దగ్గును వినుచు వియ్యాలవారు లెక్కలు వేయుట నేనెరుగుదును. పిల్లనడుగువారు లేరు. తనకే రాదగిన కొలువు పెండ్లితో మరొకరి పాలగునని ఆమెకు చెప్పువారును లేరు. రేపామెను అతడు సరిగా చూడనినాడు, "పాపము, వానికి దీని మీద మనసు కలుగలేదు, ఎవరి వ్రాత ఎట్లున్నదో!" అని ఇరుగుపొరుగువారు అందురు. పంచకములోని చివరిపాదము వారు చదువకయే చెప్పగలరు.

తుక్కాదేవిని గూర్చి మరియొక జనశ్రుతి కలదు. పెండ్లినాటి రాత్రి రాయలను చంపుటకు గజపతి పన్నాగము పన్నెనని, తిమ్మరుసు పసిగట్టి కాపాడెనని. కొందరు పెండ్లికూతురు చేతనే బాకు పెట్టుదురు. అందుచేతనే రాయలామెను దూరముంచెనట. ఈ కథకు ఉపయోగమేమో స్పష్టమే: పరిత్యాగమునకు నేరము చూపించుట. శ్లోకమున దైవముపై మోపిన తప్పును ఇందు పెండ్లికూతురుపై మోపిరి. ఎటు చూచినను సంధి వ్రాసినవారు తప్పించుకొనుచున్నారు. 1962లో వచ్చిన మహామంత్రి తిమ్మరుసు చలనచిత్రము గజపతి కూతురును అన్నపూర్ణ పేర ప్రేమకథానాయికగా చూపినది. ఆమెకు మేలు చేయవలెనన్న తలంపే కావచ్చును. కాని ప్రేమ ముందే పుట్టినదనినచో పంపిన తండ్రియు, అడిగిన మంత్రియు మరింత నిర్దోషులగుదురు. ఆమెకు పేరులకు మాత్రము కొరత లేదు: తుక్క, జగన్మోహిని, అన్నపూర్ణ. చెప్పువాని అవసరమును బట్టి పేరు మారినది.

ఆ పెండ్లి సాధించినదైనను గొప్పదా? 1529లో రాయలు గతించిన వెంటనే గజపతి మరల దండెత్తెను. అచ్యుతరాయలు త్రిప్పికొట్టవలసి వచ్చినది. ప్రతాపరుద్రుని అనంతరము అతని కొడుకులను మంత్రి గోవింద విద్యాధరుడు చంపించి సింహాసనమెక్కెను. తిరిగి యిచ్చిన కృష్ణోత్తరదేశము కొంతకాలమునకు గోలకొండ పాలయ్యెను. పదియేండ్ల శాంతికి ఒక జీవితము వెల.

కంబమున ఒక చెరువున్నది. నల్లమల కొండల సందున గుండ్లకమ్మకు అడ్డముగా, రమారమి 57 అడుగుల యెత్తున కట్ట వేసి దానిని నిర్మించిరి. కట్టించినది వరదరాజమ్మ యను గజపతి రాజపుత్రిక యని స్థానికులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు; ఆమెయే తుక్కాదేవి యని కొందరి మతము. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. పంచకమును ముద్రించు సంకలనకర్తలు శ్లోకముల క్రింద "భర్తృపరిత్యక్తయగు తుక్కాదేవి" అని వ్రాయుట ఆచారమైనది. ఆ పీఠికలో సంధిని గూర్చి నాలుగు పంక్తులు, నూనిజ్ చెప్పిన జాబును గూర్చి రెండు పంక్తులు, ఈ చెరువును గూర్చి ఒక పంక్తి చేర్చుటకు కాగితమేమంత ఎక్కువ పట్టదు. రాబోవు ముద్రణలో నైనను వారట్లు చేయుదురుగాక.